లచ్చత్త పేరు

మొన్న ఓట్ల ముందు రోజు ఆధార్ కార్డు కోసం మా ఇనప పెట్టె అడుగుదాకా గాలిస్తూ, డాంబరు గోలీల ఘాటుకు ఒక చేత్తో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో అమ్మ పెళ్లి చీర మడతలు లేపుతుంటే, వాటి మధ్య నుంచి పల్చటి ప్లాస్టిక్ గ్లౌజు ఒకటి జారి కింద పడింది. బండి మీద పానీపూరీ అమ్మేవాళ్లు తొడుక్కునే రకం, ఒక్క చేతిది, ఎవరూ ఎప్పుడూ తొడుక్కోనిది. అమ్మ దాన్ని చెత్తలో వెయ్యబోతే లాక్కున్నాను. వాసన చూస్తే డాంబరు గోలీల వాసనే. అయినా నాకు మాత్రం ఆ కరోనా రోజుల్లో అరచేతుల్లో పోసిన స్పిరిటు మందు వాసన, మా బడి వరండా కడిగిన ఫినాయిల్ వాసన, గంజి పెట్టిన లచ్చత్త చీర వాసన ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

నిండా ఇరవై ఏళ్లు లేవు, అప్పుడే చిన్ననాటి కబుర్లేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. ఎనిమిదో తరగతి దాకా నేను పెరిగిన గల్లీ తొమ్మిదో తరగతికి వచ్చేసరికి లేదు. ఇళ్లు అక్కడే ఉన్నాయి, మురిక్కాలవ అక్కడే ఉంది, మనుషులే మారిపోయారు. యాభై ఏళ్లు ఆగితే తప్ప పోయినదాని గురించి చెప్పుకోకూడదనే నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు.

మాది సూరత్‌లో నవాగామ్. కరీంనగర్ దిక్కు పల్లెల నుంచి సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి వచ్చిన తెలుగువాళ్ల గల్లీ అది. ఇటు గోడ అవతల సాంచాల కార్ఖానా, అటు గోడ అవతల ఇంకో కార్ఖానా, మధ్యలో మేము. పగటి పాలీ వాళ్లు దిగి రాత్రి పాలీ వాళ్లు ఎక్కినా సాంచాల చప్పుడు మాత్రం ఆగేది కాదు. మా ఇంటి గోడకు చెయ్యి ఆనిస్తే సన్నగా వణుకుతూ ఉండేది, వంటింటి అరలో స్టీలు పళ్లాలు రోజంతా గలగలమంటూనే ఉండేవి. ఎప్పుడైనా ఊరికి పోతే ఆ నిశ్శబ్దానికి నాకు చెవులు నొప్పెట్టేవి. చలికాలం రాగానే పచ్చజొన్నల పోంక్, దాని మీద సన్న సేవ్, నిమ్మకాయ పిండి తినడం, ఉత్తరాయణ్‌కు డాబాల మీద పతంగులు, ఆ నాడే అమ్మ ముగ్గు పోసినట్టు చుట్టే సకినాలు, మార్కెట్లో బంతిపూలు తప్ప ఏమీ దొరక్క బంతిపూలతోనే పేర్చే బతుకమ్మ, అన్నీ ఆ చప్పుడులోనే జరిగిపోయేవి.

సాంచాలు ఆగేది ఏడాదికి ఒకసారి దీపావళికి, ఆ తరువాత ఓట్ల రోజున. అందుకే మాకు ఓట్లంటే పండగే. పొద్దున్నే లేచేసరికి పళ్లాల గలగల వినపడకపోతే, అబ్బ ఇవాళ ఓట్లు అని తెలిసిపోయేది. మా తాత మల్లేశం తలస్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల ధోతి కట్టి, ఓటరు కార్డును రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, గల్లీ మొదట్లో ఉన్న గద్దె మీద కూర్చునేవాడు. ఇంటింటి నుంచీ మగవాళ్లు, ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆయన ముందు నిలబడేవాళ్లు. అందరూ వచ్చాక ఆయన లేచేవాడు. గల్లీ అంతా ఒకటే వరుసగా, తాత ముందు, లచ్చత్త చివర, నేను చదివే గుజరాతీ బడికి నడిచేవాళ్లు. బడి గేటు దాకా మేం పిల్లలం పక్కన పరిగెత్తేవాళ్లం. అప్పటికి రెండు మూడు వారాలుగా మైకులు కట్టిన ఆటోలు మా సందుల్లో తిరిగేవి. ఒక ఆటో గుజరాతీలో, ఒకటి హిందీలో, ఎక్కడి నుంచి పట్టుకొచ్చారో తెలియదు గానీ తప్పుల తడక తెలుగులో ఇంకోటి. వాటి వెనక పడి కాగితం టోపీలు, బిళ్లలు పోగుచేసుకునేవాళ్లం. రెండు పార్టీల టోపీలూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని తిరిగినా మమ్మల్ని ఎవరూ ఏమీ అనేవాళ్లు కారు.

నిజానికి ఓట్లు బడిలో పడేవి కావు. అంతకు ముందు ఆదివారం, పాలీ మారే వేళ పొద్దున, మా గద్దె ముందే పడేవి. తాత సాంచం మీద నుంచి దిగిన ముతక బట్ట ఒకటి నేల మీద పరిచేవాడు. మధ్యలో చాక్‌పీసుతో గీత. ఇంటికో కండె, అంటే నాడెలో పెట్టే దారం చుట్టిన చిన్న కడ్డీ, పట్టుకుని రావాలి. ఈ పార్టీ అయితే గీతకు ఇటు, ఆ పార్టీ అయితే అటు పెట్టాలి. పెట్టే ముందు ఎవరైనా మాట్లాడవచ్చు. నల్లా లైను ఇస్తామన్నది ఎవరు, ఇచ్చింది ఎవరు, బతుకమ్మ ఆడుకోవడానికి బడి మైదానం ఇప్పించింది ఎవరు, వానాకాలం మురికి ఇళ్లలోకి వస్తే మొహం చూపించనిది ఎవరు, అన్నీ అక్కడే తేలేవి. ఒక్కోసారి అరుచుకునేవాళ్లు. ఒకసారి మా నాయిన కోపంతో తన కండె బదులు చెప్పు పెట్టబోతే తాత కళ్లెర్రజేశాడు. అందరూ పెట్టాక తాత లెక్క చూసి, ఎటు ఎక్కువ ఉంటే అటు పేరు పైకి చెప్పి, వెంటనే రెండు వైపుల కండెలనూ గంపలో పోసి కలిపేసేవాడు. ఎవరు ఎటు పెట్టారో ఇక గుర్తుండకూడదు. ఆ తరువాత గల్లీది ఒక్కటే మాట. కార్పొరేషన్ ఓటయితే వార్డుకు నలుగురు సభ్యులు కాబట్టి మనిషికి నాలుగు బటన్లు నొక్కాలి, నాలుగూ ఆ ఒక్క పార్టీకే.

అది సరైన పద్ధతేనా అని కాలేజీలో ఒక స్నేహితురాలు అడిగింది. నాకు తెలియదు. ఒక మనిషి ఓటు ఇంకెవరో నిర్ణయించడం తప్పే కావచ్చు. కానీ ఆ బట్ట ముందు మొగుడు లేని ఆడమనిషి కూడా వంగి తన కండె తానే పెట్టేది, ఆమె మాట్లాడేటప్పుడు మగవాళ్లు నోరు మూసుకుని వినేవాళ్లు. ఇప్పుడు మా గల్లీలో ఎవరి ఓటు వాళ్ళదే, ఎవరి మాటా ఎవరూ వినరు.

ఆ ఆడమనిషే లచ్చత్త. మాకు చుట్టం కాదు, పక్క గది. తాతను పెద్దనాయినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. పెళ్లై ఈ ఊరు వచ్చిన నాలుగేళ్లకే ఆమె భర్త రాజేశం దగ్గి దగ్గి పోయాడట. పిల్లలు లేరు. ఇంట్లోనే చీరలకు దారాలు కత్తిరించే పని చేసేది. పొద్దున ఒకడు బండి మీద చీరల మూట పడేసి పోయేవాడు, ఆమె గడప మీద కాళ్లు చాపుకుని, చిన్న కత్తెరతో చీర వెనక వేలాడే పోగులను టిక్కు టిక్కున తెంపుతూ ఉండేది. సాయంత్రానికి ఆమె జుట్టునిండా రంగురంగుల పోగులే. నేను బడి నుంచి రాగానే సర్వపిండి ముక్క ఒకటి చేతిలో పెట్టేది. అంచులు మాడి, మధ్యలో శనగపప్పు తగిలే ఆ సర్వపిండి మా అమ్మకు ఎప్పటికీ రాలేదు. ఈ మాట అమ్మ దగ్గర అనను.

ఆమె పేరు ఎవరికీ పట్టేది కాదు. మూటలు తెచ్చేవాడికి మాసీ, గల్లీ ముసలివాళ్లకు లచ్చి, మిగిలిన అందరికీ రాజేశం పెండ్లాం. కానీ ఓట్ల గదిలో మొదటి బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరు, ఏజెంట్లందరికీ వినపడేట్టు ఇంటిపేరుతో సహా గట్టిగా చదివేవాడు: దూస లక్ష్మీబెన్ రాజేశంభాయ్. ఆమె చేతులు కట్టుకుని హా జీ అనేది. దాని కోసమే ఆమె చీరకు గంజి పెట్టుకునేది.

"నా పేరు పెట్టిననాడు మా అవ్వ పిలిచిందట. మల్ల గీ బడిల సారే పిలుస్తడు," అనేది నవ్వుతూ. "నువ్వు జర పెద్దగై ఆఫీసరైతే గట్టిగ పిలువాలె నన్ను."

పెద్దయ్యేదాకా ఆగడం ఎందుకని నేను అప్పుడే మొదలుపెట్టాను. మా గల్లీ పిల్లలకు ఓట్ల ఆట అని ఒకటి ఉండేది. అగ్గిపెట్టె మిషను, ఊదారంగు గోళ్ల రంగు సిరా, వాడేసిన పార్టీ కరపత్రాల వెనక వైపు ఓటర్ల జాబితా. గుజరాతీ మీడియంలో చదివేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆఫీసరు కుర్చీ ఎప్పుడూ నాదే. మిగిలినవాళ్లు ఎదురు చెప్తే ఆటలోంచి తీసేసేదాన్ని. పిల్లలందరి ఓట్లూ అయ్యాక గడప వైపు తిరిగి, దూస లక్ష్మీబెన్ రాజేశంభాయ్ అని గొంతు చించుకుని అరిచేదాన్ని. లచ్చత్త కత్తెర పక్కన పెట్టి, హా జీ అని లేచి వచ్చి, వేలు చాపేది. ఆమె ఎడమచేతి చూపుడు వేలి మీద ఏడాది పొడుగునా గోళ్ల రంగు చుక్క ఉండేది.

తరువాత కరోనా వచ్చింది. లాక్‌డౌన్ మొదటి రోజు పొద్దున కళ్లు తెరిస్తే పళ్లాల గలగల లేదు. ఇవాళ ఓట్లేమో అని సంబరంగా లేచి కూర్చున్నాను, ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఒక రోజు, రెండు రోజులు, వారం. తాత గోడకు చెయ్యి ఆనించి చూసి తీసేసేవాడు, మళ్లీ కాసేపటికి ఆనించేవాడు. ఊరి చివర సచిన్ పారిశ్రామికవాడలో పనిచేసే మా నాయిన బైకు మీద దుమ్ము పేరుకుంది. లచ్చత్తకు చీరల మూట రాలేదు. కత్తెరకు నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టింది. చేతులు ఊరుకోక మా ఇంటి దుప్పట్ల అంచుల్లో లేచిన పోగులు కూడా కత్తిరించి పెట్టింది.

మధ్యాహ్నాలు కిశోర్‌భాయ్ అనే ఆయన ఖిచిడీ పొట్లాలు తెచ్చేవాడు. పెద్ద పార్టీకి మా వైపు పనులు చూసే మనిషి. ప్రతి పొట్లం మీదా నాయకుల బొమ్మ ఉన్న స్టిక్కరు. అయినా వేడిగా ఉండేది, కడుపు నిండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఒకరోజు తాత ఆయన ముందు చేతులు జోడించి, ఈసారి గల్లీ మీదే అనేశాడు. బట్ట పరవలేదు, కండెలు పెట్టలేదు. ఆయన వెళ్లాక మా నాయిన అడిగాడు.

"ఇంటికో కండె లేకుంటనే మాటెట్ల ఇచ్చినవ్ నాయినా?"

"అన్నం పెట్టినోని ముంగట కండెలు లెక్కపెట్టుమంటవార?" అన్నాడు తాత. నాయిన ముందు పొట్లం అప్పటికే విప్పి ఉంది.

ఎండలు ముదిరాక గల్లీ ఖాళీ అవడం మొదలైంది. కడోదరా దగ్గర హైవే మీద ఫలానా లారీ ఆగుతుందట అని ఎవరో చెప్తే, మూటలు నెత్తిన పెట్టుకుని తెల్లారకముందే నడిచిపోయేవాళ్లు. సామాన్లు మా ఇంట్లో పెట్టి పోయినవాళ్లు కొందరు, తాళం కూడా వెయ్యకుండా పోయినవాళ్లు కొందరు. లచ్చత్త చాలా రోజులు ఆగింది. చివరికి ఒక పొద్దున ఊళ్లో అన్న దగ్గరికి బయలుదేరుతూ నన్ను పిలిచి, తాళంచెవి ఇచ్చి, కొంగుముడి విప్పి ఓటరు కార్డు చూపించి మళ్లీ ముడి వేసుకుంది.

"ఓట్లకల్ల అస్త బిడ్డా. నా పేరు జర పైలంగ సూడు."

పేరు జాగ్రత్తగా చూడమని అడిగింది, అంతే. ఇంకేమీ అడగలేదు.

ఊరికి చేరిందని ఎవరి ద్వారానో తెలిసింది గానీ ఆమె ఒక్క ఫోను చెయ్యలేదు. నేను చేస్తే స్విచ్చాఫ్. బతుకమ్మ పోయింది, దీపావళి పోయింది. సాంచాలు మళ్లీ తిరగసాగాయి గానీ సగమే. పళ్లాలు కూడా సగం గలగలే. బడి ఫోన్లోకి వచ్చేసింది. ఆ ఒంటరితనంలో నాకు లచ్చత్త మీద అలక పెరిగిపోయింది. నన్ను మరిచిపోయింది అనుకున్నాను. దారి ఖర్చు కోసం ఆమె ఫోను అమ్మేసిందని చాలా తరువాత తెలిసింది.

ఉత్తరాయణ్ వెళ్లిన వారానికి, తీగల మీద చిరిగిన పతంగులు ఇంకా వేలాడుతుండగా, ఒక మధ్యాహ్నం కిశోర్‌భాయ్ ఓటర్ల జాబితా పట్టుకుని గద్దె దగ్గరికి వచ్చాడు. కార్పొరేషన్ ఓట్లు వస్తున్నాయి. అచ్చు గుజరాతీలో ఉంది, మా వాళ్లలో చదవగలిగేది నేనే. ఆయన నా చేతికి కొత్త ఎర్ర పెన్ను ఇచ్చాడు.

"జో గావ్ గయే, ఉన్ పే లాల్ నిశాన్ లగా దే బేటా."

ఊరికి పోయినవాళ్ల పేర్ల మీద ఎర్ర గుర్తు పెట్టాలి. లేనివాళ్ల ఇళ్లకు ఊరికే తిరగకుండా అన్నాడు. తాత పక్కనే కూర్చుని, ఇల్లిల్లూ నేను గడగడ చదువుతుంటే మురిసిపోతున్నాడు. నాకూ గర్వం తలకెక్కింది. అది మా ఆటే, కాకపోతే అసలు జాబితా, అసలు ఆఫీసరు పెన్ను. ఉన్నారు, లేరు, లేరు, ఉన్నారు. బడిలో టీచరు హాజరు వేసినట్టు వేసుకుంటూ పోయాను. దూస లక్ష్మీబెన్ దగ్గరికి రాగానే పెన్ను ఆగింది. ఓట్లకల్లా వస్తానన్న మాట గుర్తు లేక కాదు. బాగా గుర్తుంది. ఆ వెనకే, ఎనిమిది నెలలుగా ఒక్క ఫోను లేదన్న సంగతీ గుర్తొచ్చింది. కిశోర్‌భాయ్ నా మొహంలోకి చూస్తున్నాడు. తెలియదు అని చెప్పడం చిన్నతనం అనిపించింది. ఎర్రగా, నీటుగా, అడ్డగీత పెట్టాను.

"శాబాష్. బడీ హోకే అఫ్సర్ బనేగీ," అన్నాడు ఆయన. పెద్దయ్యాక ఆఫీసరువవుతావన్న ఆ మాటే తలుచుకుంటూ ఆ సాయంత్రమంతా తిరిగాను.

ఓట్ల రోజు ఆదివారం. పళ్లాలు పలకలేదు. తాత తెల్ల ధోతి కట్టి గద్దె మీద కూర్చున్నాడు గానీ వరుస పొట్టిగా ఉంది, పైగా బడి దగ్గర చాక్‌పీసు గుండ్రాల్లో దూరం దూరంగా నిలబెట్టారు. జ్వరం చూసే తుపాకీ నుదుటికి పెడితే తాతకు మనసు చిన్నబోయింది. అరచేతుల్లో స్పిరిటు పోశారు, బటన్ నొక్కడానికని ఒక్కొక్కరికీ ఒక ప్లాస్టిక్ గ్లౌజు ఇచ్చారు. మా వాళ్ల ఓట్లు దాదాపు అయిపోయాయి. తాత బయటికి వచ్చి గేటు దగ్గర నీడన నిలబడ్డాడు.

పదింటికి గేటు ముందు ఆటో ఆగింది. చేతిలో ఒక సంచి, మాస్కు గడ్డం కింద, గంజి పెట్టి మడతలు చెదరని ఆకుపచ్చ చీర. రైలు దిగి స్టేషన్లోనే చీర మార్చుకుని ఇంటికైనా పోకుండా వచ్చింది లచ్చత్త.

"యాళ్లకే అచ్చిన గద. నా పేరున్నదా బిడ్డా?"

"ఉంది అత్తా," అన్నాను. ఎర్ర గీత గుర్తొచ్చింది గానీ భయం వెయ్యలేదు. ఇంట్లో లేదని పెట్టిన గీత, ఇప్పుడు వచ్చింది కదా, ఓటేస్తుంది, అంతే అనుకున్నాను. ఆమె పేరు గట్టిగా పిలవడం వినాలని వరండా వైపు పగిలిన అద్దం ఉన్న కిటికీ దగ్గరికి పరిగెత్తాను. అది నా తరగతి గదే.

లోపల ఆఫీసరు ఆమె కార్డు చూశాడు, జాబితా చూశాడు. పిలవలేదు. మెల్లగా అన్నాడు: "బెన్, తమారో వోట్ తో థయీ గయో." మీ ఓటు అయిపోయింది అని. ఆమెకు అర్థమయింది, అర్థం కానట్టు నిలబడింది. ఆయన పుస్తకం ఆమె వైపు తిప్పి చూపించాడు. దూస లక్ష్మీబెన్ వరుసలో ఎవరిదో వంకర్లు తిరిగిన సంతకం.

"నాకు సంతకమే రాదు సారూ," అంది తెలుగులో. ఎడమచెయ్యి చాపి చూపుడు వేలు పైకెత్తింది. "గిది సూడుండ్రి. మచ్చ లేదు."

వేలు శుభ్రంగా ఉంది. ఇన్ని నెలల్లో నా గోళ్ల రంగు చుక్క కూడా పోయింది. ఏజెంట్లు ఇద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు. వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. ఆమె అరవలేదు, ఏడవలేదు. ఒకే ఒక్కటి అడిగింది, ఆ గదిలో ఒక్కరికీ తెలియని భాషలో.

"మరి నా పేరు పిలిచినప్పుడు, ఎవలన్న హా జీ అన్నరా?"

ఆఫీసరు చేత్తో పక్కకు జరగమన్నాడు.

గేటు దగ్గర తాతకు చెప్పింది. తాత నేరుగా రోడ్డు అవతల కిశోర్‌భాయ్ బల్ల దగ్గరికి పోయాడు, వెనకే నేను. బల్ల మీద నేను గుర్తులు పెట్టిన జాబితా విప్పి ఉంది. నా ఎర్ర గీతల్లో చాలా వాటి పక్కన బుజ్జి బుజ్జి నీలం టిక్కులు. లేరని నేను చెప్పిన వాళ్లలో చాలామంది పేర్లతో పొద్దున్నే ఎవరెవరో ఓట్లు వేసిపోయారని పదమూడేళ్ల దానికి కూడా అర్థమయింది. కిశోర్‌భాయ్ కంగారు పడలేదు. తాతను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, నవ్వుతూ అన్నాడు:

"కాకా, గల్లీ తో హమారీ హీ హై నా? వో భీ హమ్ కో హీ దేతీ."

గల్లీ మాదే కదా, ఆమె వచ్చినా మాకే వేసేది కదా అని. మాట ఇచ్చింది తాతే. చాయ్ ముట్టకుండా లేచాడు. లేచేటప్పుడు ఆ ఎర్ర గీతలను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. ఆయనకు గుజరాతీ రాదు, ఎరుపు మాత్రం తెలుసు. బతికున్న మరో మూడేళ్లలో ఆ సంగతి నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

లచ్చత్త గ్లౌజు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. నేను రాగానే నా చేతిలో పెట్టింది. "ఉంచుకో. మీ ఓట్ల ఆటకు పనికస్తది."

నాలుగు రోజులకే గది ఖాళీ చేసింది. ఉండమని అమ్మ బతిమాలితే, "నా పేరే ఇంకొకలు వట్టుకవోయినంక నేనేడుందు వదినే," అంది. ఆమె గదిలోకి ఒడియా వాళ్ల కుటుంబం వచ్చింది. మేం మళ్లీ ఓట్ల ఆట ఆడలేదు. ఆ తరువాత వచ్చిన ఓట్లకు తాత బట్ట పరవలేదు. ఎవరైనా అడిగితే మోకాళ్లు నొప్పులనేవాడు. కండెల గంపలో అమ్మ ఉల్లిగడ్డలు పోస్తోంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఈ మధ్య మళ్లీ కార్పొరేషన్ ఓట్లు వచ్చాయి, నాకు మొదటిసారి ఓటు వచ్చింది. పార్టీ కుర్రాడు ఒకడు ఫోన్లో జాబితా పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చాడు. ఎవరున్నారు, ఎవరు లేరు అని అడుగుతున్నాడు. దూస లక్ష్మీబెన్ పేరు ఇంకా అందులోనే ఉంది, ఐదేళ్లుగా ఎవరూ కొట్టెయ్యలేదు. నేను ఆలోచించకుండానే చెప్పాను: "ఉంది. పొద్దున్నే వచ్చి వేస్తుంది." అబద్ధమే. నేను ఐదేళ్ల కిందట చెప్పవలసిన మాట.

బడికి ఒక్కదాన్నే నడిచాను. గల్లీవాళ్లు ఎవరి వీలును బట్టి వాళ్లు వెళ్లారు, కొందరు వెళ్లనే లేదు. గోడకు నియమాల కాగితం అంటించి ఉంది. నీ పేరుతో ఇంకెవరైనా ముందే ఓటు వేసి ఉంటే, నువ్వే ఆ మనిషివని రుజువైతే, కాగితం మీద ఓటు వెయ్యనివ్వాలట. అలాంటి కాగితం ఆ రోజు కూడా ఆ గోడకు ఉండే ఉంటుంది. లచ్చత్తకు చదివి చెప్పగలిగిన దాన్ని నేనొక్కదాన్నే. కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను తప్ప గోడ వైపు తిరగలేదు.

లోపల ఆఫీసరు నా పేరు గట్టిగా చదివాడు. రెండోసారి కూడా పిలిపించుకుని హా జీ అన్నాను. సాయంత్రం ఓట్లు అయిపోయాక, ఏజెంటుగా కూర్చున్న నా క్లాస్‌మేట్‌ను బతిమాలి జాబితా చూశాను. దూస లక్ష్మీబెన్ వరుస ఖాళీగా ఉంది. రోజంతా ఆ పేరు ఎవరూ పిలవలేదు, ఎవరూ హా జీ అనలేదు.

ఇంటికి వచ్చి ఊరికి ఫోను చేశాను. లచ్చత్త అన్న కొడుకు ఫోను తీసి ఆమెకిచ్చాడు. గొంతు బాగా నీరసించింది. "నీ పేరు మీద ఇవ్వాల ఎవ్వలు ఓటు వెయ్యలే అత్తా," అన్నాను.

"గట్లనా. మరి నీది పిలిచిన్రా?"

"పిలిచిన్రు."

"గట్టిగనేనా?"

"గట్టిగనే అత్తా."

"గదే సాలు బిడ్డా," అంది.

ఎర్ర పెన్ను సంగతి చెప్పాలనే చేశాను ఆ ఫోను. నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో ఆమె, సర్వపిండి ఎవరన్నా చేసి పెడుతున్నారా నీకు అని అడిగింది. లేదని చెప్పాను. ఫోను పెట్టేశాక ఆ గ్లౌజును మడతపెట్టి, పెట్టెలో చీర మడతల్లోనే మళ్లీ దాచాను.